గిలాస పైసలు: ఒక చాయ్ హోటల్ కేసు

కుల వివక్షకు గురైనవారి తరఫున ఫిర్యాదులు రాసిపెట్టడం, పోలీస్ స్టేషన్‌కూ తహసీల్దార్ కార్యాలయానికీ వారి వెంట వెళ్ళడం, కేసు కోర్టుకు చేరిన తర్వాత సాక్షులు జారిపోకుండా చూసుకోవడం నా పని. పద్దెనిమిదేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. ఇక్కడ రాస్తున్న కేసులో ఎవరూ చనిపోలేదు, ఎవరికీ దెబ్బలు తగలలేదు, బాధితుడు పోగొట్టుకున్న డబ్బు 20 రూపాయలు. అయినా ఇంత సమయం నేను మరే కేసు మీదా పెట్టలేదు, ఇన్ని పొరపాట్లూ మరే కేసులోనూ చేయలేదు. ఊరి పేరు, మనుషుల పేర్లు, వారిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు తీసేశాను. పాలమూరు వైపు, పెద్ద రోడ్డుకు కొంచెం ఎడంగా ఉన్న ఒక ఊరు అనుకుంటే చాలు.

ఘటన

2023 ఎండాకాలం. ఫిర్యాదుదారు ఇరవయ్యారేళ్ళ యువకుడు, మాదిగ కులస్థుడు, ఐటీఐ చదివి హైదరాబాద్‌లో లిఫ్టులు మరమ్మతు చేసే పనిలో ఉన్నాడు. చెల్లెలి పెళ్ళికి ఊరికి వచ్చి, తిరిగి వెళ్ళే రోజు పొద్దున మొదటి బస్సు కోసం చాయ్ హోటల్ దగ్గర ఆగాడు. మా వైపు పల్లెల్లో హోటల్ అంటే రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక స్టవ్వు. ఆ స్టవ్వు పక్కన అల్యూమినియం ట్రేలో డజను గాజు గ్లాసులు బోర్లించి ఉంటాయి. ట్రేకు ఎడమ పక్క మేకుకు పేపర్ కప్పుల కట్ట వేలాడుతూ ఉంటుంది. ఎవరికి ఏది కావాలో యజమాని అడగడు. మనిషి కనబడగానే చెయ్యి కుడికో ఎడమకో దానంతట అదే పోతుంది. నేను తర్వాత ఒక పూటంతా ఎదురు అరుగు మీద కూర్చుని చూశాను, ఆ చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు.

యువకుడు "అన్నా, గిలాసల పొయ్యి" అన్నాడు. యజమాని "కప్పే మంచిది తమ్మీ, శుభ్రంగ ఉంటది" అన్నాడు. యువకుడు రెండోసారి అడిగాడు, మూడోసారి అడగకుండా తానే ట్రేలోంచి ఒక గ్లాసు తీసి ముందుకు చాపాడు. యజమాని పోశాడు. బల్లల మీద ఉన్న ఏడెనిమిది మంది మాటలాపారు. తాగి గ్లాసును బల్ల మీద పెడితే, యజమాని దాని అంచును రెండు వేళ్ళతో పట్టుకుని, వాడేసిన పేపర్ కప్పులు పడేసే బకెట్లోకి వదిలాడు. అది పగిలింది. యువకుడు పది రూపాయలు ఇవ్వబోతే "ముప్పై" అన్నాడు. "చాయ్ పది, గిలాస పైసలు ఇరవై."

యువకుడు 30 రూపాయలు ఇచ్చి బస్సెక్కాడు.

రెండు వారాల తర్వాత అతను నా దగ్గరకు వచ్చినప్పుడు నేను అలవాటు ప్రకారం మొదట అడిగింది, కులం పేరుతో తిట్టాడా అని. తిట్టలేదన్నాడు. ఒక్క పరుష మాట కూడా రాలేదు, పైగా తమ్మీ అని పిలిచాడు. అప్పుడు అతను చెప్పింది నా నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను: "ఆయన గిలాస పారేసిండని గాదు సార్ నా బాధ. నేను ముప్పై ఇచ్చిన. బస్సెక్కినంక నా చెయ్యి జేబులకు ఎందుకు పోయిందో నాకే సమజ్ గాలే."

ఇజ్జత్, ఆత్మగౌరవం

ఈ కేసు నడిచినంత కాలం ఆ ఊళ్ళో ఎవరి నోటా ఆత్మగౌరవం అనే మాట నేను వినలేదు. మరుగుదొడ్ల ప్రచారం నుంచి కులసంఘాల భవనాల దాకా, ఎన్నికల సభల నుంచి గోడ రాతల దాకా ఆ మాటను ఎంత వాడారంటే, మామూలు మనుషులు దాన్ని తమ సొంత కష్టానికి వాడుకోవడం మానేశారని నా అనుమానం. వాళ్ళు ఇజ్జత్ అంటారు. ఈ రెండు మాటలూ ఒకటి కావని మన వాడుకే చెబుతుంది. ఇజ్జత్‌ను ఎదుటివాడు తీస్తాడు, "నలుగుర్ల ఇజ్జత్ తీసిండు" అంటాం. ఆత్మగౌరవాన్ని ఎవరో తీశారని అనం, మనమే చంపుకున్నామంటాం. మొదటిది నలుగురి కళ్ళల్లో ఉంటుంది, రెండోది మన దగ్గర ఉంటుంది. ఆ పొద్దున బకెట్లో పడ్డ గ్లాసుతో యువకుడి ఇజ్జత్ పోయింది, జేబులోంచి వచ్చిన మూడు పది రూపాయల నోట్లతో రెండోది పోయిందని అతను అనుకుంటున్నాడు. మొదటిదానికి చట్టంలో సెక్షన్ ఉంది. రెండోదానికి లేదు, ఉండడానికి వీలూ లేదు. అయితే రెండోదాన్ని తిరిగి నిలబెట్టుకోవడానికి మొదటిది తిరిగి రావడం అవసరమని, అదీ పోయిన చోటనే, చూసిన మనుషుల ముందే రావాలని అతను పట్టుబట్టాడు.

ఫిర్యాదులో తనకు ఏమి కావాలో అతను సొంత దస్తూరీతో రాశాడు. అందరూ తాగే గ్లాసులో తనకు చాయ్ పోయాలి, తన దగ్గర తీసుకున్న 20 రూపాయలు యజమాని తన చేతితో ఆ హోటల్లోనే తిరిగి ఇవ్వాలి. కాగితం చూసిన కానిస్టేబుల్ నవ్వాడు. నిజం చెప్పాలంటే నాకూ లోపల ఇదేమి కోరిక అనిపించింది. భూమి గుంజుకున్న కేసులు, చంపిన కేసులు చూసినవాళ్ళకు చాయ్ గ్లాసు చిన్నదిగా కనిపించడం మా వృత్తిలో ఉన్న ఒక చెడ్డ అలవాటు. 1927లో మహారాష్ట్రలోని మహాడ్‌లో, అంటరానివారన్న పేరుతో తమను రానివ్వని చవదార్ చెరువు నీళ్ళు తాగడానికి వేలమందితో నడిచిన అంబేడ్కర్, ఆ నీళ్ళు తాగకపోతే తాము బతకలేమని అక్కడికి పోలేదనీ, తామూ అందరిలాంటి మనుషులమేనని నిలబెట్టుకోవడానికి పోయామనీ స్పష్టంగా చెప్పాడు. ఆ సంగతి సభల్లో నేనే ఎన్నోసార్లు చెప్పాను. ఎదుట ఒక మనిషి అదే అడిగినప్పుడు మాత్రం నాకు గుర్తు రాలేదు.

తండ్రి

యువకుడి తండ్రికి ఫిర్యాదు ఇష్టం లేదు. రెండెకరాలు కౌలుకు చేస్తాడు, కౌలు ఇచ్చినవాళ్ళు ఊళ్ళో పెద్ద కులంవాళ్ళు, ట్రాక్టరూ బోరు నీళ్ళూ వాళ్ళవే. భయం ఉంది, కానీ అతని మాటల్లో భయం ఒక్కటే లేదు. అతని వయసులో ఉన్నవాళ్ళకు ఆ హోటల్లో పేపర్ కప్పు కంటే ముందు వేరే గ్లాసులు ఉండేవి. వేపచెట్టు కొమ్మకు కట్టిన తీగకు వాటిని వేలాడదీసేవారు. తాగేవాడు తానే తీసుకోవాలి, చాయ్‌ని పైనుంచి పోస్తే పట్టుకోవాలి, తాగి తానే కడిగి మళ్ళీ తీగకు తగిలించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జస్టిస్ కె. పున్నయ్య కమిషన్ ఊళ్ళు తిరిగి అంటరానితనం రూపాలను నమోదు చేసిన రోజుల్లో, అంటే 2001లో నివేదిక వచ్చేనాటికి, రెండు గ్లాసుల పద్ధతి గురించి తెలియని మండలం మా వైపు లేదు.

ఆ తండ్రి తన గ్లాసుకు అడుగున మేకుతో గీత పెట్టుకున్నాడట. "నా గిలాసల ఇంకొగడు తాగేటోడు గాదు" అని కొంచెం గర్వంగానే చెప్పాడు. మొదట విన్నప్పుడు ఇది లొంగిపోయిన మనిషి మాట అని రాసుకున్నాను. తర్వాత ఆ వాక్యం కొట్టేశాను. తనను దూరం పెట్టడానికి వాడిన వస్తువును తన సొంతం చేసుకుని, దాని మీద గుర్తు పెట్టుకుని, నలభై ఏళ్ళు దాంతోనే తలెత్తుకు తిరగడానికి కూడా ఒక గట్టిదనం కావాలి. అతని దగ్గర లేనిది గౌరవం కాదు, దాన్ని బయట చూపుకునే చోటు. కొడుక్కు హైదరాబాద్‌లో ఆ చోటు దొరికింది. అక్కడ ఏ ఇరానీ హోటల్లోనూ అతని చేతికి ఏ కప్పు ఇవ్వాలో చూసుకుని ఇవ్వరు. అందుకే ఒకే గ్లాసు తండ్రికి ఆస్తి అయింది, కొడుక్కు అవమానం అయింది.

మరొక చిన్న సంగతి. ఫిర్యాదు రాసుకునేటప్పుడు స్టేషన్ రైటర్ తండ్రి పేరు అడిగాడు. కొడుకు ఆధార్ కార్డులో ఉన్న పూర్తి పేరు, చివర 'అయ్య'తో సహా చెప్పాడు. పక్కనే ఉన్న ఊరి మనిషి ఒకరు "అట్లంటే ఎవలకు ఎర్కైతది" అంటూ 'గాడు' చేర్చిన వాడుక పేరు చెప్పాడు. ఎగతాళిగా చెప్పలేదు, సాయం చేస్తున్నాననుకునే చెప్పాడు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పేరుతో జరిగిన సభకు అధ్యక్షత వహించిన హైదరాబాద్ దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ, అంటరానివారిగా చూసిన కులాలకు తగిలించిన ఆ పంచమ అనే మాటనే తిరస్కరించి ఆది ఆంధ్ర అనే పేరును ముందుకు తెచ్చాడు. భూమి, బడి, నీళ్ళు ఏవీ సరిగా లేని కాలంలో ఒక సభ తన సమయాన్ని పేరు మీద ఎందుకు ఖర్చు పెట్టిందని అడిగేవారికి, ఆ స్టేషన్‌లో రైటర్ పెన్ను రెండు క్షణాలు ఆగిన తీరు చూపించాలనిపించింది. చివరికి అతను 'అయ్య' అనే రాశాడు.

మొదటి పరిష్కారం, నా పొరపాటు

మా రాష్ట్రంలో నెలాఖరున గ్రామాల్లో పౌరహక్కుల దినం జరుపుతారు. తహసీల్దార్, ఎస్‌ఐ, సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి కూర్చుంటారు, అంటరానితనం మీద చట్టాల గురించి చెబుతారు, ఫిర్యాదులు ఉంటే వింటారు. ఎఫ్‌ఐఆర్ కంటే ముందు అక్కడ ఈ విషయం పెడదామని నేనే సలహా ఇచ్చాను. తండ్రి కౌలు, చెల్లెలి అత్తగారి ఊరు, కోర్టు వాయిదాలకు యువకుడు పోగొట్టుకోబోయే జీతం, అన్నీ లెక్క వేసి ఇచ్చిన సలహా అది. లెక్క తప్పు కాదు, కానీ లెక్క నాది.

సభలో హోటల్ యజమాని దాచకుండా మాట్లాడాడు. అతను పెద్ద కులంవాడు కాదు, వెనుకబడిన కులాల్లో ఒకదానివాడు, భూమి లేదు, హోటల్ మీద చీటీ అప్పు ఉంది. "నాకు పట్టింపు లేదు సార్, గిరాకీకి ఉంది. ఆ గిలాసల వాళ్ళు తాగితే వీళ్ళు రారు" అన్నాడు. ఈ మాటను సాకు అని కొట్టేయడం తేలిక, కానీ అందులో నిజం ఉంది. ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. ఎదుటివారికి పట్టింపు ఉందని ప్రతి ఒక్కరూ అనుకోవడం వల్లే ఆ పద్ధతి నడుస్తోంది. ఎవరికీ లేని పట్టింపు అందరి చేతా పని చేయిస్తోంది.

అధికారి చాలా సేపు విని ఒక పరిష్కారం చెప్పారు. రేపటి నుంచి హోటల్లో గాజు గ్లాసులే ఉండవు, కులంతో పని లేకుండా అందరికీ పేపర్ కప్పులే. సభ ఒక్క గొంతుతో సరే అంది. వివక్ష మీద సభలో అంత తొందరగా ఏకాభిప్రాయం వస్తే ఆగి ఆలోచించాలన్నది నాకు తెలియని విషయం కాదు. అయినా అలసటో, పని అయిపోయిందన్న సంతోషమో, నా నివేదికలో "సమస్య సామరస్యంగా పరిష్కారమైంది" అని రాసి సంతకం పెట్టాను.

వారం తర్వాత యువకుడు ఫోన్ చేసి ఒకే మాట అడిగాడు: "సార్, గిలాసలు యాడ వొయినయ్?"

వెళ్ళి చూస్తే గ్లాసులు హోటల్ వెనక ఉన్న ఇంట్లో ఉన్నాయి. పొద్దున ఏడు గంటలకు యజమాని కొడుకు ట్రేలో ఏడెనిమిది గ్లాసులు పెట్టుకుని, రచ్చకట్ట దగ్గర కూర్చున్నవాళ్ళకు ఇచ్చి వస్తున్నాడు. హోటల్ ముందు అందరికీ కప్పులే, ఎక్కడా తేడా లేదు. కాగితం మీద సమానత్వం నూటికి నూరు పాళ్ళు అమలైంది, గ్లాసు మాత్రం ఒక ముప్పై గజాలు నడిచి వెళ్ళింది.

ఈ కేసు నాకు నేర్పింది ఇక్కడే మొదలైంది. వస్తువు సమానంగా పంచితే గుర్తింపు దానంతట అదే వస్తుందని నేను అనుకున్నాను. యువకుడు అడిగింది అందరికీ ఒకే రకం కప్పు కాదు, తన తర్వాత ఆ గ్లాసును కడిగి మరొకరికి ఇవ్వగలగడం. తాను తాగిన గ్లాసు మళ్ళీ ట్రేలోకి చేరాలి. పేపర్ కప్పు సరిగ్గా ఆ ఒక్క సందర్భాన్ని లేకుండా చేస్తుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ కడగరు, ఎవరి తర్వాతా ఎవరూ తాగరు. మా పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి పోయిందని చెప్పుకునే చోట్ల చాలావరకు పోయింది గ్లాసులే. కరోనా తర్వాత దానికి ఆరోగ్య కారణం కూడా తోడైంది, ఇక దాన్ని తప్పు అనడమే కష్టమైంది.

తత్త్వవేత్తల దగ్గర దీనికి మాటలున్నాయి. న్యాయమైన సమాజం తన సభ్యులకు అందించవలసినవాటిలో ఆత్మగౌరవానికి ఆధారమయ్యే పరిస్థితులు బహుశా అన్నిటికన్నా ముఖ్యమైనవని జాన్ రాల్స్ 1971లో వాదించాడు. సంపద పంపకం ఒక్కటే సరిపోదు, గుర్తింపు కూడా న్యాయంలో భాగమే అన్న చర్చలో ఆక్సెల్ హోనెత్ మనిషి తనను తాను విలువైనవాడిగా చూసుకోవడానికి ఎదుటివారి గుర్తింపు ఎంత అవసరమో చెబితే, నాన్సీ ఫ్రేజర్ దాన్ని మనసుకు తగిలిన గాయంగా కాక, సాటివారితో సమాన హోదాలో పాల్గొనకుండా అడ్డుపడే ఏర్పాటుగా చూడాలంది. నా కేసులో తండ్రి గురించి ఆలోచించినప్పుడు హోనెత్ సరిపోతాడు, కొడుకు ఫిర్యాదుకు ఫ్రేజరే దగ్గర. ఇంతకు మించి సిద్ధాంతం నాకు పనికిరాలేదు, ఎందుకంటే వాళ్ళెవరూ పేపర్ కప్పును ఊహించలేదు.

కేసు

గ్లాసుల సంగతి కళ్ళారా చూసిన తర్వాత ఎఫ్‌ఐఆర్‌కు వెళ్ళాం. చట్టం విషయంలో మాకు కొరత లేదు. అంటరానితనాన్ని రాజ్యాంగంలోని 17వ అధికరణం రద్దు చేసింది. 1955 నాటి చట్టం 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది, అందులో 4వ సెక్షన్ హోటళ్ళలో అందరి కోసం ఉంచిన పాత్రల వాడకాన్ని అంటరానితనం కారణంగా అడ్డుకోవడాన్ని నేరమంటుంది. దానికి పడే జైలు శిక్ష ఒకటి నుంచి ఆరు నెలలు. షెడ్యూల్డ్ కులాలవారి విషయంలో అలాంటి చర్య జరిగితే అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి, కాదని నిందితుడే రుజువు చేసుకోవాలి అని 12వ సెక్షన్ చెబుతుంది. ఈ సెక్షన్‌ను మా పోలీసులు వాడింది నేను చాలా తక్కువగా చూశాను. కర్ణాటకలో బోరు నీళ్ళు పట్టుకోకుండా అడ్డుకున్న కేసులో హైకోర్టు కొట్టేసిన శిక్షను సుప్రీంకోర్టు 1992లో తిరిగి నిలబెట్టింది, ఆ తీర్పులో జస్టిస్ కె. రామస్వామి అంటరానితనం మీద విడిగా, వివరంగా రాశారు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టానికి, అంటే మేము అట్రాసిటీ చట్టం అనేదానికి, 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చినప్పుడు, ప్రజలందరి కోసం ఉన్న పాత్రల వాడకాన్ని అడ్డుకోవడం 3(1)(జడ్‌ఎ) కింద ఆ చట్టంలోకి కూడా వచ్చింది.

చిక్కు మరో చోట వచ్చింది. ఎఫ్‌ఐఆర్ రాసేటప్పుడు రైటర్ తనకు అలవాటైన వాక్యం మొదలుపెట్టాడు, కులం పేరుతో దూషించి అని. యువకుడు ఆపాడు. "ఆయన తిట్టలే సార్." ఆ వాక్యం ఉంటేనే కేసు నిలుస్తుందని రైటర్ నచ్చజెప్పాడు, మంచి ఉద్దేశంతోనే. అట్రాసిటీ చట్టం చూస్తే, కులం పేరుతో తిట్టడం 3(1)(ఎస్) కిందకు వస్తుంది, పదిమంది చూసే చోట అవమానించాలనే ఉద్దేశంతో అవమానించడం 3(1)(ఆర్) కిందకు వస్తుంది, రెండోదాని మాటల్లో కులం పేరు పలకాలన్న షరతు లేదు. అవమానం కులం కారణంగానే జరిగిందని చూపించాలి, అంతే. నేను ఆ సెక్షన్లు విప్పి చూపించాక రైటర్ ఒప్పుకున్నాడు గానీ, యువకుడు ఆగింది సెక్షన్ తెలిసి కాదు. తనకు జరిగినదాన్ని తనకు జరగని మాటల్లో రాస్తే అది తన ఫిర్యాదు కాకుండా పోతుందని అతని బాధ. తమ్మీ అని పిలుస్తూనే గ్లాసును బకెట్లో వేయగలగడమే అతని ఫిర్యాదులో సారం. తిట్టు చేరిస్తే ఆ సారం పోతుంది.

ఎస్‌ఐ రాజీ మాట ఎత్తాడు, స్టేషన్‌లో రాజీ చేయడానికి ఇది వీలయ్యే నేరం కాదని గుర్తు చేశాను. అదే చట్టంలో 2018లో చేర్చిన 18ఎ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ కూడా అవసరం లేదు. కేసు నమోదైంది, నియమాల ప్రకారం డీఎస్పీ దర్యాప్తు చేశారు. బల్లల మీద కూర్చున్నవాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ చూడలేదన్నారు. ఆ ఒక్కరు, రోజూ అక్కడ కూరగాయల గంప దించుకునే ముసలావిడ, గ్లాసు పగిలిన చప్పుడు విన్నానని చెప్పింది, అంతకంటే ఎక్కువా చెప్పలేదు, తక్కువా చెప్పలేదు.

ఇప్పుడు పరిహారం సంగతి. అట్రాసిటీ చట్టం కింద చేసిన 2016 నియమాల ప్రకారం ఈ రకం అవమానానికి 1 లక్ష రూపాయల సహాయం ఉంది, ఎఫ్‌ఐఆర్ దశలో 25 శాతం, చార్జిషీటు కోర్టుకు వెళ్ళాక 50 శాతం, శిక్ష పడ్డాక మిగతా 25 శాతం. మొదటి 25,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడిన రోజే ఊళ్ళో కథ మారిపోయింది. గ్లాసు గురించి అప్పటిదాకా సగం సిగ్గుతో మాట్లాడుకున్నవాళ్ళు "పైసల కోసమే కేసు పెట్టిండు" అనడం మొదలుపెట్టారు. మాదిగవాడలోనే ఒకరిద్దరు అన్నారు. యువకుడు ఆ డబ్బు వాపసు ఇచ్చేస్తానన్నాడు. నేను వద్దన్నాను. ఆ సహాయం దానం కాదని, అవమానం జరగకుండా చూడలేకపోయినందుకు ప్రభుత్వం చెల్లించే బాకీ అని చెప్పాను. ఈ మాట ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ బాకీ చెల్లించే తీరు మాత్రం సరైంది కాదు. అవమానం హోటల్లో పదిమంది ముందు జరిగితే, దాని ఒప్పుకోలు ఒక ఎస్‌ఎంఎస్‌లో వస్తుంది. ఎవరు ఎవరికి ఎందుకు ఇస్తున్నారో ఒక్క మాట కూడా ఊరికి తెలియదు, మొత్తం మాత్రం అందరికీ తెలుస్తుంది. కలెక్టర్ పేరున ఒక చిన్న ఉత్తరం, ఫలానా పౌరుడి హక్కుకు భంగం కలిగింది అని రాసి పంచాయతీ బోర్డు మీద అతికిస్తే అయ్యే ఖర్చు ఎంత? నేను ఈ సూచనను రెండు సమావేశాల్లో పెట్టాను. మినిట్స్‌లో రాసుకున్నారు.

ఇక ఆ 20 రూపాయలు. ఒక వాయిదా రోజున కోర్టు వరండాలో హోటల్ యజమాని భార్య నా దగ్గరకు వచ్చింది. కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన 20 రూపాయల నోటు తీసి, "పిల్లగానికి నేనిస్త సార్, నా చేతుల్తోని ఇస్త" అంది. మూడడుగుల దూరంలో ఉన్న వాళ్ళ వకీలు చూసి గబగబా వచ్చి, ఇస్తే నేరం ఒప్పుకున్నట్టేనని ఆమెను ఆపాడు. వృత్తిరీత్యా అతను చేసింది సరైనదే. నేను చేసింది కూడా వృత్తిరీత్యా సరైనదే: యువకుడు ఆ నోటు తీసుకుంటే రేపు రాజీ అయ్యాడని వాదిస్తారేమోనన్న భయంతో, "ఇప్పుడు వద్దమ్మా" అన్నాను. ఫిర్యాదు కాగితంలో రాసుకున్న రెండు కోరికల్లో ఒకటి ఆ క్షణంలో తీరడానికి సిద్ధంగా ఉంది, రెండు పక్షాల మేలు కోరేవాళ్ళం కలిసి దాన్ని ఆపాం. ఆమె నోటును మళ్ళీ కొంగులో ముడేసుకుంది. యువకుడికి ఈ సంగతి నేను ఆలస్యంగా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆమె ఇస్తదని నాకు ఎర్కే" అన్నాడు.

అధికారితో చాయ్

చార్జిషీటు తర్వాత వచ్చిన పౌరహక్కుల దినం నాడు అధికారులు హోటల్ దగ్గరే కార్యక్రమం పెట్టారు. గాజు గ్లాసులు బయటికి వచ్చాయి. అధికారి ఒక పక్కన, మాదిగవాడ పెద్దలు ఒక పక్కన నిలబడి చాయ్ తాగడం, ఫొటో తీయడం, పత్రికకు పంపడం అన్నది కార్యక్రమం. ఇలాంటి సామూహిక చాయ్‌లను నేను చాలా ఏర్పాటు చేశాను, వాటివల్ల మేలు లేదని అనను. పై అధికారి చేత్తో ముట్టిన గ్లాసును ఆ తర్వాత పారేయడం యజమానికి కొంచెం కష్టమవుతుంది.

యువకుడు ఊళ్ళోనే ఉన్నాడు గానీ ఫొటోలోకి రాలేదు. పిలవడానికి పోయిన నాతో అన్నాడు: "నేను సార్‌తోని తాగుత అనలే. నా పైసలతోని నేను తాగుత అన్న." ఆ రోజు చాయ్‌కి ఎవరూ డబ్బులివ్వలేదు, మండలం ఖర్చు. అతనికి అభ్యంతరం సరిగ్గా అక్కడే ఉంది. పైవాడు దయతో పక్కన నిలబెట్టుకుంటే వచ్చే గుర్తింపు ఆ పైవాడు వెళ్ళిపోగానే అతనితోనే వెళ్ళిపోతుంది, పైగా ఎవరు ఎవరిని గుర్తించారన్నది ఫొటోలో స్పష్టంగా కనిపిస్తుంది. అతను కోరింది గిరాకీగా గుర్తింపు. పది రూపాయలిచ్చి, పది రూపాయల చాయ్ తాగి, ఎవరూ ప్రత్యేకంగా చూడకుండా వెళ్ళిపోవడం. సభల్లో మేము అడిగే గుర్తింపులో దండలూ వేదికలూ ఎక్కువ. ఇక్కడ ఒక మనిషి తనను ఎవరూ గమనించని రోజును హక్కుగా అడుగుతున్నాడు.

ఇప్పటి స్థితి

ఇది రాసే సమయానికి కేసు ప్రత్యేక కోర్టులో విచారణలో ఉంది. చార్జిషీటు దశ డబ్బు కూడా వచ్చింది. రెండు విడతలూ కలిపి ఖాతాలో 75,000 రూపాయలున్నాయి, యువకుడు వాటిని ముట్టుకోలేదు. తండ్రి కౌలు ఆ మరుసటి పంటకే పోయింది. కేసు వల్ల తీసేశామని ఎవరూ అనలేదు, తమ మనిషే చేసుకుంటాడని మాత్రం అన్నారు. ఈ నష్టానికి ఏ పట్టికలోనూ గడి లేదు, నా మొదటి లెక్కలో ఉన్నది ఇదే, అందుకే యువకుడి ముందు ఆ లెక్క తప్పని నేను పూర్తిగా అనలేను. తండ్రి ఇప్పుడు ఉపాధి హామీ పనికి, మామిడి తోటల కూలికి పోతున్నాడు.

హోటల్లో కూడా ఒక మార్పు వచ్చింది. యజమాని ఒంట్లో బాగోక భార్యే స్టవ్వు దగ్గర నిలబడుతోంది. ఆమె ట్రేను, కప్పుల కట్టను రెంటినీ ముందు పెట్టుకుని, వచ్చిన ప్రతి మనిషినీ "గిలాసనా, కప్పా?" అని అడుగుతుంది. పెద్ద కులంవాళ్ళనూ అడుగుతుంది, బస్సు డ్రైవర్‌నూ అడుగుతుంది. ఇలా అడగమని ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు, నేనైతే చెప్పలేదు. రచ్చకట్టకు ట్రే పోవడం మాత్రం ఆగలేదు.

పోయిన దసరాకు యువకుడు ఊరికి వచ్చినప్పుడు నేనూ వెళ్ళాను. అతనూ, తండ్రీ, నేనూ ముగ్గురం హోటల్ దగ్గర ఆగాం. ఆమె అందరినీ అడిగినట్టే మమ్మల్నీ అడిగింది. యువకుడు గిలాస అన్నాడు, నేనూ అన్నాను. ఆ హోటల్లో అరవై ఏళ్ళ తన వయసులో మొదటిసారి ఆ ప్రశ్న ఎదురైన తండ్రి ట్రే వైపు చూసి, కొంచెం సేపు ఆగి, "కప్పే ఇయ్యి బిడ్డా" అన్నాడు. కొడుకు మొహం మాడిపోయింది. ఎందుకు నాయనా అని అడిగితే, ఆయన మామూలుగా, మాకు తెలియని విషయం చెబుతున్నట్టుగా అన్నాడు: "గిలాసైతే కడిగి పెట్టాలె గద."

ఆమె విన్నది. కడిగిన గ్లాసు ఒకటి తీసి తుడిచి, ఆయన ముందు బల్ల మీద పెట్టి, చాయ్ పోసింది. ఆయన తాగాడు. తాగి గ్లాసు పట్టుకుని లేచి, అలవాటైన దారినే వేపచెట్టు దిక్కు నడవబోయాడు. యువకుడు ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుని ట్రే పక్కన పెట్టి, ముగ్గురివీ కలిపి 30 రూపాయలు ఇచ్చాడు.